బ్యాటరీ సైకిల్ తొక్కితే సైకిల్ తొక్కినట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎలక్ట్రిక్ సైకిళ్ల గురించే. కొందరు కొనుక్కుని మాటలు పడుతున్నారు, కొందరు కొనాలా వద్దా అని ఆగిపోయారు, ఒకరిద్దరు కోపంగా కూడా రాశారు. అందుకే టైర్లు, హెల్మెట్ల ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి, ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వయసు 63. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఉద్యోగం చేసినన్నాళ్లూ సైకిల్ మీదే స్కూలుకి వెళ్లాను. మోకాళ్లు అరిగాయని డాక్టరుగారు చెప్పాక ఎత్తులు ఎక్కలేక దాన్ని మూలన పెట్టేశాను. పోయినేడాది మా అమ్మాయి ఎలక్ట్రిక్ సైకిల్ కొనిచ్చింది. ఇప్పుడు ఆదివారాలు మళ్లీ పాత మిత్రులతో కలిసి బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్తున్నాను. అయితే వాళ్లు "మాస్టారూ, మీది మోటారు బండి, మీరు మా లెక్కలోకి రారు" అంటారు. నవ్వుతూనే అంటారు గానీ మనసుకి కష్టంగా ఉంటోంది. నేను తొక్కేది సైకిల్ కాదా?

జవాబు: మాస్టారూ, మీరు తొక్కేది సైకిలే. అందులో నాకు ఏ సందేహమూ లేదు. మన చట్టం కూడా ఆ మాటే అంటోంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం పెడల్ తొక్కితేనే సాయం చేసే మోటారు, దాని సామర్థ్యం 250 వాట్ల లోపు ఉండి, వేగం పెరిగేకొద్దీ సాయం తగ్గుతూ గంటకు 25 కిలోమీటర్లు వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయేలా, మీరు తొక్కడం మానేస్తే ఆలోపే ఆగిపోయేలా ఉంటే, అలా ఉందని పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, అది మోటారు వాహనం కిందకి రాదు. యూరప్‌లోనూ గీత ఇంచుమించు అక్కడే గీశారు, 250 వాట్లు, 25 కిలోమీటర్లు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీ మిత్రులకి లెక్కతోనే చెప్పండి. మీ బరువు 70 కిలోలు, మామూలు సైకిల్ 15 కిలోలు అనుకుందాం. ఐదు శాతం ఎత్తు, అంటే వంద మీటర్లు ముందుకెళ్తే ఐదు మీటర్లు పైకి లేచే రోడ్డు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే సుమారు 135 వాట్లు కావాలి. మీ కాళ్లు ఆగకుండా ఇవ్వగలిగింది 75 వాట్లు అనుకోండి. అప్పుడు మామూలు సైకిల్ మీద వేగం ఐదారు కిలోమీటర్లకు పడిపోతుంది, అది మనిషి నడిచే వేగం, హ్యాండిల్ అటూ ఇటూ ఊగిపోయి చివరికి దిగి తోసుకుంటూ పోవాల్సిందే. ఎలక్ట్రిక్ సైకిల్ బరువెక్కువ, 23 కిలోలు వేసుకుంటే అదే ఎత్తుకి, అదే వేగానికి 150 వాట్ల దాకా కావాలి. అందులో సగం మోటారు ఇస్తుంది, మిగతా 75 వాట్లూ మీవే. అంటే మామూలు సైకిల్ మీద మీ కాళ్లు ఎంత పని చేసేవో ఇక్కడా అంతే చేశాయి. తేడా ఏమిటంటే ఈసారి మీరు పైకి వెళ్లగలిగారు, మోకాలి మీద పడే ఆ మొండి బరువు తగ్గింది.

ఇంకో సంగతి మీ మిత్రులు గమనించారో లేదో. చదును రోడ్డు మీద వాళ్లు గంటకు 27, 28లో పోతుంటే మీ మోటారు అప్పటికే ఆగిపోయి ఉంటుంది. ఆ వేగంలో వాళ్లతో సమానంగా వెళ్లారంటే వాళ్లకంటే ఎనిమిది తొమ్మిది కిలోలు ఎక్కువున్న సైకిల్‌ని మీరు సొంత కాళ్లతో లాగుతున్నారన్నమాట. వచ్చే ఆదివారం కైలాసగిరి కింద బీచ్ రోడ్డు ఎత్తెక్కే చోట మీ సైకిల్ ఒకరి చేతికివ్వండి. అసిస్ట్, అంటే మోటారు ఇచ్చే సాయం, పూర్తిగా ఆపేసి కొంచెం దూరం, దాన్ని ఒకటో నంబరులో పెట్టి కొంచెం దూరం తొక్కమనండి. పైకి వచ్చాక ఆయనే చెప్తారు అది మోటారు బండో కాదో.

మోకాళ్ల గురించి కూడా రెండు మాటలు. సీటు ఎత్తు సరిచూసుకోండి: పెడల్ కింద కొసకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి, అప్పుడు మామూలుగా మునివేళ్ల దగ్గర పాదం ఆనించి తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మనవాళ్లలో చాలామంది రెండు కాళ్లూ నేలకి ఆనాలని సీటు కిందికి దించేస్తారు, సగం మోకాలి నొప్పులు అక్కడే మొదలవుతాయి. గేరు తేలికది వేసుకుని కాళ్లు చురుగ్గా తిప్పండి, నిమిషానికి 70, 80 చుట్లు తిరిగితే మంచిది. పెద్ద గేరు వేసి బలంగా నొక్కడం వద్దు. ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలవకముందే అసిస్ట్ పెంచుకోండి. నొప్పి మాత్రం తగ్గకుండా ఉంటే తొక్కడం ఆపి డాక్టరుగారికి చూపించుకోవాల్సిందే.

మీ మిత్రులు చెడ్డవాళ్లని నేను అనుకోను. కలిసి తిరిగిన మనిషి ఇన్నాళ్లు రాకుండా ఉండి మళ్లీ వస్తున్నాడంటే సంతోషపడాలి గదా, ఆ సంతోషం ముందు మిగతాదంతా చిన్నదని వాళ్లకి ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. మీరు చెప్పలేకపోతే ఈ పేజీ వాళ్లకి ఇవ్వండి.

ప్రశ్న: అన్నా, నేను హైదరాబాద్. వయసు 29. గండిపేట చుట్టూ, సెలవుల్లో అనంతగిరి కొండల దాకా తొక్కుతాను. ఏళ్ల తరబడి చెమటోడిస్తే ఇప్పటికి నాకు ఆ ఎత్తులు ఆగకుండా ఎక్కడం వచ్చింది. మొన్న ఎత్తులో నేను రొప్పుకుంటూ పోతుంటే ఒకాయన ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఫోన్ మాట్లాడుకుంటూ నన్ను దాటిపోయాడు. ఇంటికొచ్చి చూస్తే యాప్‌లో ఆ ఎత్తుకి టాప్ టైమ్ ఆయనదే. ఇది కూడా సైక్లింగే అంటే ఇక మా కష్టానికి విలువేముంది? సూటిగా చెప్పు.

జవాబు: సూటిగానే చెప్తాను తమ్ముడూ. నీ కోపంలో సగం న్యాయం ఉంది, సగం లేదు.

న్యాయం ఉన్న సగం ముందు. ఎక్కడ ఒకరి కష్టాన్ని ఇంకొకరి కష్టంతో పోల్చి చూస్తారో అక్కడ మోటారు సాయాన్ని సొంత కష్టంలో కలిపి చూపించడం తప్పు. రైడ్లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో ఎలక్ట్రిక్ సైకిల్ రైడ్‌కి వేరే విభాగమే ఉంది, ఆయన అందులో వేసి ఉంటే నీ టైమ్ పక్కన ఆయన టైమ్ వచ్చేదే కాదు. మామూలు రైడ్ అని వేశాడంటే అది అబద్ధం, నిరభ్యంతరంగా ఫ్లాగ్ చెయ్యి. పోటీల్లో అయితే ఇది ఇంకా పెద్ద నేరం. 2016లో బెల్జియంలోని జోల్డర్‌లో జరిగిన సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో సైకిల్ రేసు) ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఫెమ్కే వాన్ డెన్ డ్రీస్కే అనే యువ క్రీడాకారిణికి చెందిన సైకిల్ ఫ్రేములో దాచిన మోటారు దొరికింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఆమెపై ఆరేళ్ల నిషేధం, 20,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. అదే యూసీఐ మూడేళ్లు దాటాక 2019లో కెనడాలోని మాంట్ సెయింట్ ఆన్‌లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌లకు తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ టైటిళ్లు పెట్టింది. రెండు నిర్ణయాలూ సరైనవే. దాచిపెడితే మోసం, అందరికీ తెలిసేలా అందరూ అదే సైకిల్ మీద దిగితే ఆట.

ఇక న్యాయం లేని సగం. సాయం తీసుకుంటే అసలు సైక్లింగే కాదు అనే మాట ఎలక్ట్రిక్ సైకిల్‌తో పుట్టింది కాదు. నువ్వు అనంతగిరి ఎత్తులో క్లిక్కుమనిపించి తేలిక గేర్‌లోకి మారతావు చూడు, చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే ఆ డిరైల్యూర్ గేర్లని టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా రానివ్వలేదు. ఆ రేసు మొదలుపెట్టిన ఆన్రి దెగ్రాంజ్‌కి గేర్లు మార్చే సైకిళ్లంటే గిట్టదు, కండబలంతో గెలవాలి గానీ యంత్రం సాయంతో కాదన్నది ఆయన పట్టుదల. అందుకే చాలా ఏళ్లు రైడర్లు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపు ఉన్న వేరే పళ్ల చక్రానికి చైన్ తగిలించి మళ్లీ ఎక్కేవాళ్లు. ఇవాళ గేర్లున్న సైకిల్ తొక్కినందుకు నిన్ను ఎవరైనా తక్కువగా చూస్తున్నారా? గేరుకీ మోటారుకీ తేడా లేదని నేను అనడం లేదు, గేరు బయటి నుంచి శక్తి తేదు, బ్యాటరీ తెస్తుంది, ఆ తేడా పెద్దదే. అందుకే పోటీలో వేరే వరస అంటున్నాను. రోడ్డు మీద మాత్రం అందరిదీ ఒకటే వరస.

ఎలక్ట్రిక్ సైకిల్ నిన్ను ఓడించడానికి పుట్టింది కూడా కాదు. 1993లో జపాన్‌లో యమహా వాళ్లు తొలిసారి పెడల్ అసిస్ట్ సైకిల్ అమ్మకానికి తెచ్చారు. మనిషి నొక్కేదానికి మోటారు కొంత కలపాలి, అంతే ఆలోచన. ఇవాళ్టికీ అక్కడ ముందొక పిల్లని, వెనకొక పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని, బుట్టలో కూరగాయలు వేసుకుని తల్లులు ఎత్తు వీధులు ఎక్కేది వాటి మీదే. జర్మనీలో 2023లో అమ్ముడైన కొత్త సైకిళ్లలో సగానికి పైగా ఎలక్ట్రికే. ఆ కొన్నవాళ్లలో నీలా రేసు టైర్లు వేసుకునేవాళ్లు ఎందరుంటారు చెప్పు. కారు తియ్యకుండా పనికెళ్లేవాళ్లు, వయసు మీద పడ్డవాళ్లు, మోకాళ్లు సహకరించనివాళ్లు, భార్యాభర్తల్లో వెనకబడిపోతున్నవాళ్లు, వీళ్లే ఎక్కువ. వీళ్లు రోడ్డు మీదికి వస్తే నీకే లాభం. సైకిళ్లు ఎంతమంది తొక్కుతున్నారో చూసే కదా ట్రాకులు వేసేది. నార్సింగి నుంచి కొల్లూరు వైపు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో వచ్చింది గదా, అలాంటివి ఇంకో నాలుగు రావాలంటే నీలాంటి వాళ్లు మాత్రమే తొక్కితే చాలదు.

ఫోన్ మాట్లాడుకుంటూ పోయాడన్నావు. అది మాత్రం మోటారున్నా లేకపోయినా తప్పే. ఒంటి చేత్తో పాతిక కిలోల సైకిల్‌ని ఆపలేం.

నీ కాళ్లకి వచ్చిన బలం నీది. ఆయన దాటిపోతే అందులో రవ్వంత కూడా తగ్గలేదు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కొండాపూర్‌లో ఉంటాం, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, తొమ్మిది కిలోమీటర్లు. షుగర్ బార్డర్‌లో ఉందని, వ్యాయామం చేసి తీరాలని డాక్టర్ చెప్పారు. పొద్దున్న పిల్లల్ని పంపి వంట చేసుకునేసరికి వాకింగ్‌కి టైమ్ ఉండదు. మామూలు సైకిల్ మీద చెమట ముద్దయిపోయి ఆఫీసుకి వెళ్లలేను. ఎలక్ట్రిక్ సైకిల్ మీద వెళ్తే అది వ్యాయామం కింద వస్తుందా, లేక ఉత్త టైమ్ వేస్టా?

జవాబు: వస్తుందండీ. మీలాంటి వాళ్లకి ఇంతకంటే తేలికైన దారి నాకు తోచడం లేదు.

అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2016లో ఒక అధ్యయనం వేశారు. వ్యాయామం అలవాటు లేని 20 మందికి ఎలక్ట్రిక్ సైకిళ్లిచ్చి, వారానికి కనీసం మూడు రోజులు, రోజుకి 40 నిమిషాల చొప్పున నెల రోజులు పనికి దాని మీదే వెళ్లమన్నారు. నెల తర్వాత చూస్తే వాళ్ల గుండె, ఊపిరి సామర్థ్యం పెరిగింది, రక్తంలో చక్కెర అదుపు మెరుగైంది. చిన్న అధ్యయనమే గానీ మీ ప్రశ్నకి సరిగ్గా అతికినట్టుంది. 2019లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 33 మంది మౌంటెన్ బైకర్లను ఒకే దారిలో మామూలు సైకిల్ మీదా ఎలక్ట్రిక్ సైకిల్ మీదా తొక్కించారు. ఎలక్ట్రిక్ సైకిల్ మీద కష్టపడినట్టే లేదని వాళ్లన్నారు, గుండె వేగం చూస్తే మామూలు సైకిల్ మీద ఉన్నదానిలో దాదాపు 94 శాతం ఉంది. వాళ్లు అలవాటున్న రైడర్లు కాబట్టి మీకూ అంతే వస్తుందని కాదు, కానీ "కష్టం తెలియలేదు కాబట్టి పని జరగలేదు" అనుకోవద్దని మాత్రం అర్థమవుతోంది.

ఇంకోటి, నాకు అన్నిటికంటే నచ్చింది. యాంట్‌వర్ప్, బార్సిలోనా, లండన్, రోమ్, వియన్నా, జూరిక్, స్వీడన్‌లోని ఒరెబ్రో, ఈ ఏడు నగరాల్లో పదివేల మందికి పైగా జనాన్ని అడిగి 2019లో ఒక పరిశోధన వచ్చింది. వారం మొత్తం మీద లెక్కేస్తే ఎలక్ట్రిక్ సైకిల్ తొక్కేవాళ్ల శ్రమ మామూలు సైకిల్ వాళ్ల శ్రమకి సమానంగానే తేలింది. కారణం చాలా మామూలుది: అలుపు తక్కువ కాబట్టి వీళ్లు ఎక్కువ దూరాలు తొక్కుతున్నారు.

మీ లెక్క చూద్దాం. తొమ్మిది కిలోమీటర్లు గంటకు 18 వేగంతో అరగంట. రానూ పోనూ గంట. వారానికి ఐదు రోజులంటే 300 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెప్తోంది. వాకింగ్‌కి విడిగా టైమ్ తియ్యక్కర్లేకుండా, ట్రాఫిక్‌లో కూర్చునే టైమ్‌లోనే మీది పూర్తయిపోతుంది.

కాకపోతే ఒక షరతుంది. మన దగ్గర అమ్మే చాలా ఎలక్ట్రిక్ సైకిళ్లకి పెడల్ అసిస్ట్‌తో పాటు హ్యాండిల్ దగ్గర యాక్సిలరేటర్ కూడా ఉంటుంది. అది నొక్కి కూర్చుంటే సైకిల్ దానంతటదే పోతుంది, అప్పుడు వ్యాయామం సున్నా. మాస్టారికి చెప్పిన మాటకి ఇక్కడ మినహాయింపు ఉంది: కాళ్లు తిరగకపోతే అది సైక్లింగ్ కాదు, అది ప్రయాణం. ప్రయాణం తప్పని నేననను, ఎండలో రోజంతా ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్లు యాక్సిలరేటర్ వాడితే అది వాళ్ల కూటి కోసం, వాళ్లని వేలెత్తి చూపడం అన్యాయం. మీరు మాత్రం డాక్టర్ చెప్పినందుకు కొంటున్నారు కాబట్టి దాన్ని సిగ్నల్ దగ్గర కదలడానికి తప్ప ముట్టుకోకండి.

వెళ్లేటప్పుడు అసిస్ట్ ఎక్కువ పెట్టుకోండి, చెమట పట్టదు. వచ్చేటప్పుడు తగ్గించండి, ఇంటికే కదా, చెమట పడితే స్నానం చేస్తారు. ఎంత తగ్గించాలో కొలవడానికి వాచీ కూడా అక్కర్లేదు. తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆయాసం అంత ఉంటే చాలు. షుగర్‌కి మందులు మొదలుపెడితే ఖాళీ కడుపుతో తొక్కవచ్చా అన్నది మాత్రం డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ సైకిల్ మీద 200 కిలోమీటర్ల బ్రెవె చేస్తే మెడల్ ఇస్తారా?

జవాబు: ఇవ్వరు. బ్రెవె అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్, వాటిని నడిపే ఆడాక్స్ వాళ్ల రూల్ స్పష్టంగా ఉంది, అందులో వాహనం కండబలంతోనే నడవాలి. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు అనే ఆ లెక్క మనిషి కాళ్లని చూసి పెట్టింది. మన సైకిళ్లకి వచ్చే 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు, అది అన్ని గంటలూ రాదు కూడా. దూరాలు తొక్కాలని ఉంటే మెడల్ పక్కన పెట్టి మీకు మీరు తొక్కుకోండి, మధ్యలో భోజనానికి ఆగినచోట ఛార్జింగ్ పెట్టుకోండి. బ్యాటరీ నిండా ఎక్కినా అర యూనిట్ కరెంటు దాటదు, హోటల్ వాళ్లని అడిగితే కాదనరు.

ప్రశ్న: మాది గుంటూరు. ఎలక్ట్రిక్ సైకిల్ కొందామని రెండు మూడు షాపులు తిరిగాను. అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, ధర మాత్రం డబుల్. అమ్మేవాళ్లు బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు వస్తుందో తప్ప ఇంకేం చెప్పడం లేదు. తొక్కుతున్నట్టు ఉండాలంటే ఏది చూసుకోవాలి?

జవాబు: మంచి ప్రశ్న. తొక్కుతున్నట్టు ఉండాలి అన్నారు చూశారా, ఆ ఒక్కటీ సెన్సర్ మీద ఆధారపడి ఉంటుంది. రెండు రకాలు. కేడెన్స్ సెన్సర్ పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తుంది. టార్క్ సెన్సర్ మీరు ఎంత బలంగా నొక్కుతున్నారో కొలుస్తుంది. ధరలో తేడాకి ఇది ఒక ముఖ్య కారణం.

షాపువాళ్లు చెప్పకపోయినా మీరే కనిపెట్టొచ్చు. ట్రయల్‌కి బయటికి తెచ్చుకుని, ఖాళీ రోడ్డు మీద తేలిక గేరు వేసి, అసిస్ట్ మధ్యలో పెట్టి, కాలికి అసలు బలం ఇవ్వకుండా పెడల్‌ని ఊరికే తిప్పండి. కేడెన్స్ సెన్సర్ అయితే అర చుట్టో ముప్పావు చుట్టో తిరిగేదాకా ఏమీ జరగదు, తర్వాత ఉన్నట్టుండి వెనక నుంచి ఎవరో తోసినట్టు సైకిల్ ముందుకి దూకుతుంది, మీరు తిప్పడం ఆపాక కూడా ఒక క్షణం పాటు ఆ తోపుడు ఆగదు. టార్క్ సెన్సర్ అయితే ఊరికే తిప్పితే పెద్దగా కదలదు. కాస్త నొక్కండి, కాస్త సాయం వస్తుంది. నిలబడి గట్టిగా నొక్కండి, గట్టిగా వస్తుంది. కాలు తేలికపరిస్తే అదీ తగ్గిపోతుంది. మోటారు ఉందన్న సంగతే ఐదు నిమిషాల్లో మర్చిపోతారు, మీ కాళ్లకే ఎక్కడి నుంచో బలం వచ్చిందనిపిస్తుంది.

డబ్బు సరిపోతే టార్క్ సెన్సర్‌దే తీసుకోమంటాను. సరిపోకపోతే కేడెన్స్ సెన్సర్‌ది కూడా పనికిరానిది కాదు. గుంటూరు లాంటి చదును ఊర్లో సుఖంగానే నడుస్తుంది, కాకపోతే రద్దీలో, మలుపుల్లో అసిస్ట్ ఒకటికి తగ్గించి తొక్కాలి, లేకపోతే ఆ దూకుడు ముందున్న ఆటోకి తగిలిస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గేర్లు లేనిది కొనకండి, బ్యాటరీ అయిపోయిన రోజు పాతిక కిలోల సైకిల్‌ని ఒకే గేరుతో ఇంటికి తెచ్చుకోవడం నరకం. రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు ఉండాలి, బ్రేక్ నొక్కగానే మోటారు ఆగుతోందో లేదో అక్కడే పరీక్షించండి. బ్యాటరీ తాళంతో ఊడొచ్చేది అయితే అపార్ట్‌మెంట్‌లో పైకి తీసుకెళ్లి ఛార్జ్ చేసుకోవచ్చు. దాంతో ఇచ్చిన ఛార్జర్ తప్ప వేరేది పెట్టకండి, అందరూ నిద్రపోయాక గుమ్మానికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టి వదిలెయ్యకండి. ఇక వాళ్లు చెప్పే కిలోమీటర్లంటారా, అది తక్కువ అసిస్ట్‌లో, చదును రోడ్డు మీద, తేలికైన మనిషి తొక్కితే వచ్చే దూరం. మీ అవసరానికి దానిలో సగం లెక్కేసుకుని కొనండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నాన్నగారు ఆరు నెలలకి ఇక్కడికి వచ్చారు, కారు లేకపోతే కాలు బయటపెట్టలేక ఇంట్లో బందీ అయిపోయినట్టు ఉంటున్నారు. ఊళ్లో రోజూ సైకిల్ తొక్కిన మనిషి. ఎలక్ట్రిక్ సైకిల్ కొనిద్దామంటే క్లాస్ 1, 2, 3 అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: క్లాస్ 1. తొక్కితేనే సాయం, గంటకు 20 మైళ్ల దగ్గర ఆగిపోతుంది. క్లాస్ 2కి వేగం అంతే గానీ యాక్సిలరేటర్ ఉంటుంది, క్లాస్ 3 గంటకు 28 మైళ్ల దాకా సాయం చేస్తుంది, అంటే 45 కిలోమీటర్లు, ఆయన వయసుకి ఆ వేగం వద్దు. క్లాస్ 1 అయితే పార్కుల్లో, ట్రెయిళ్ల మీద అభ్యంతరాలు కూడా తక్కువ. అయినా ఊరికో రూల్ ఉంటుంది కాబట్టి మీ సిటీది ఒకసారి చూసుకోండి. ఎక్కేటప్పుడు కాలు ఎత్తాల్సిన పని లేకుండా ఫ్రేమ్ మధ్యలో కిందికి ఉండేది తీసుకోండి. రోడ్డుకి కుడివైపు నడవడం మొదటి వారం తికమకగా ఉంటుంది, ఆ వారం మీరు పక్కనే తొక్కండి. ఆయనకీ అదే కావాలి.

ప్రశ్న: మాది కరీంనగర్. మా బాబుకి 15 ఏళ్లు, టెన్త్. ట్యూషన్‌కి వెళ్లడానికి ఎలక్ట్రిక్ సైకిల్ కావాలని ఒకటే గొడవ. లైసెన్స్ అక్కర్లేదని వాడే చెప్తున్నాడు. వాడి ఫ్రెండ్ దాన్ని ఏదో చేయించి 40 స్పీడ్‌లో పోతున్నాడట. మా ఆయన "కాళ్లున్నాయిగా, మామూలు సైకిల్ తొక్కుకోమను" అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, బాబు చెప్పింది నిజమే, కానీ వాడు చెప్పనిది కూడా ఉంది. 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల లోపు అని పైన రాశాను చూడండి, ఆ రెండూ దాటనంత వరకే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వాడి ఫ్రెండ్ చేయించింది ఆ వేగం కట్టడిని తీసేయించడం. తీసేసిన క్షణం నుంచి అది చట్టం దృష్టిలో మోటారు వాహనం, తొక్కేవాడికి లైసెన్సు లేదు, బండికి నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు. మీ బాబూ అదే చేయించి ఏదైనా జరిగితే కేసు మీ మీదికి వస్తుంది, ఎందుకంటే పిల్లలు మోటారు వాహనం నడిపితే తల్లిదండ్రుల్ని బాధ్యుల్ని చేసే సెక్షన్ 2019 సవరణతో చట్టంలోకి వచ్చింది, అందులో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. కేసు సంగతి అటుంచి, ఆ సైకిల్ ఫ్రేమూ బ్రేకులూ టైర్లూ 25 వేగానికి చేసినవి. 40లో ముందు బ్రేక్ పట్టేస్తే పిల్లాడు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు.

మీ ఆయన మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. ట్యూషన్ మూడు నాలుగు కిలోమీటర్ల దూరమే అయితే 15 ఏళ్ల ఆరోగ్యవంతుడికి మోటారు ఎందుకు? మంచి గేర్ల సైకిల్ కొనివ్వండి, ఖర్చు కూడా తక్కువ. పది కిలోమీటర్లో ఆ పైనో ఉండి, రాత్రి అలిసిపోయి రావాల్సి వస్తుంటే మాత్రం ఎలక్ట్రిక్ కొనొచ్చు. అప్పుడు యాక్సిలరేటర్ లేనిది, పెడల్ అసిస్ట్ మాత్రమే ఉన్నది వెతకండి. దొరక్కపోతే షాపులోనే ఆ యాక్సిలరేటర్ వైరు తీయించేయండి, అది తీసినా అసిస్ట్ పనిచేస్తుందా లేదా ముందే అడిగి. వాడు తొక్కుతాడు, ఒంటికి మంచిది, మీకూ ఆ 40 భయం ఉండదు.

కొనేరోజు వాణ్ణి కూడా తీసుకెళ్లండి, వేగం కట్టడి తీయిస్తే సైకిల్ ఇంట్లో ఉండదని షాపులోనే వాడికి చెప్పండి. హెల్మెట్ కూడా అప్పుడే కొనండి. ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ చట్టం ప్రకారం ఉండాల్సిందే, వాటితో పాటు ఒక బ్లింకర్ లైటు వెనక బిగించండి, ట్యూషన్ వదిలేసరికి చీకటి పడుతుంది కదా.